ఐదో గదిలో చెక్కపెట్టె

శిక్షణ కేంద్రానికి సామాను అద్దెకిచ్చే పని ఒప్పుకున్న రోజున నా గోదాములో ముప్పై ఏడు తలుపులు, పందొమ్మిది కిటికీ రెక్కలు, తొమ్మిది ఇనప బీరువాలు, తాళంచెవులు లేని పెట్టెలు పదకొండు ఉన్నాయి. కుర్చీలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. వీటిలో సగానికి సగం ఏడాదిగా చోటు కదలనివి. ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర కొని, ఇల్లు పెట్టుకునేవాళ్లకు అమ్మడం నా వృత్తి. ఇంట్లో భార్య, కొడుకు, కోడలు. కొడుకు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని, నెలలో సగం రోజులు బయటే. కోడలు పోలీసు రికార్డుల గదిలో తాత్కాలిక ఉద్యోగి. ఇవి కాక నా దగ్గర ఉన్న మరో సరుకు నా అంచనా. ఏ వస్తువు ఎవరికి పనికొస్తుందో చూడగానే చెప్పగలనని నలభై ఏళ్లుగా నా నమ్మకం.

ఆ కేంద్రం నుంచి వచ్చిన మేడమ్‌కు అరవై దాటి ఉంటాయి. మెడలో నల్లతాడుకు భూతద్దం వేలాడుతోంది. ముప్పై ఏళ్లు వేలిముద్రల నిపుణురాలిగా పనిచేసి, రిటైరయ్యాక కొత్తవాళ్లకు నేర్పుతున్నారు. దొంగతనం జరిగిన ఇంట్లో ఏమేం చేయాలో చేతితో చేయించి నేర్పే చోటు అది. అందుకు నిజమైన ఇంటి సామాను కావాలన్నారు. నేను మంచివి ముందుకు తెచ్చాను.

"ఇది టేకు మేడమ్. చెయ్యి పెట్టి చూడండి, అద్దంలా జారిపోతుంది."

"చెయ్యి పెట్టింది ఎవరో కనుక్కోవడం నేర్పేదాన్ని షావుకారుగారూ, నన్నే పెట్టమంటారేంటి? మీ దగ్గర చెడిపోయినవి చూపించండి."

"చెడిపోయినవంటే?"

"రంగు లేచింది, తుప్పు పట్టింది, జిడ్డెక్కింది, పగిలింది. దొంగలు కొత్త సామానున్న ఇళ్లకే పోతారా?"

రెండు గంటలు తిరిగి, నేను జీవితంలో ఎవరికీ అంటగట్టలేకపోయిన సామానంతా ఏరుకున్నారు. కాళ్లు ఊగే బల్ల తీసుకున్నారు. అద్దం మీద పాదరసం ఊడిన బీరువా తీసుకున్నారు. ఇంత తెలివితక్కువ కొనుగోలుదారు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారా అనుకున్నాను. తర్వాత షరతు చెప్పారు.

"ప్రతి తరగతి అయ్యాక సబ్బునీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి. అంతవరకే. నూనె, రంగు, పాలిష్ ఏదీ తగలకూడదు. నేను చెప్పకుండా గుడ్డముక్క కూడా ఆడించకూడదు."

"తుడిచి అమ్ముకుని బతికినవాణ్ణి మేడమ్."

"ఇక్కడ తుడవకుండా బతకాలి. ఒప్పుకుంటే సంతకం పెట్టండి."

పెట్టాను.

కేంద్రంలో పెద్ద హాలుంది. దాన్ని ప్లైవుడ్ పలకలతో ఎనిమిది చిన్న గదులుగా విడదీశారు. ప్రతి గదికీ వరండా వైపు గోడ ఉండదు, నడుము ఎత్తున తాడు మాత్రం కట్టి ఉంటుంది. వరండాలో నడిచేవాళ్లకు లోపల జరిగేదంతా కనిపిస్తుంది. మూలన ముద్రలు తేల్చే మందుల అలమర. దాని వాసన హాలంతా కమ్ముకుని ఉండేది. నేను వారానికి మూడు రోజులు వెళ్లి సామాను కడిగి, మార్చి, సర్దేవాణ్ణి. అలా ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోయినా చాలా నేర్చుకున్నాను. గాజు మీద ముద్ర బాగా పడుతుంది. నున్నటి రంగు మీద పడుతుంది. గరుకు చెక్క మీద, పొడిబారిన ఇటుక మీద పడదు, పడినా పొడి చల్లితే తేలదు. చెమట పట్టే చేతులవాళ్లు మంచి ముద్రలిస్తారు. నా చేతులు ఎండు చేతులు. అభ్యాసానికి ముద్రలు వేయమన్నప్పుడల్లా మేడమ్ నన్ను ముందు ముక్కు పక్కన వేలు రుద్దుకోమనేవారు, ఆ జిడ్డు అంటితేనే నా వేళ్లు ఏమైనా పలికేవి.

ఆ కేంద్రంలో దొంగ వేషం ఆఫీసు అటెండరుది. మేడమ్ కాగితం మీద రాసిచ్చినట్టు గదిలోకి వెళ్లి, చెప్పిన వస్తువులు చెప్పిన వేళ్లతో ముట్టుకుని వస్తాడు. పదేళ్లుగా అదే పని. అందరూ దొంగగారూ అనే పిలిచేవారు.

"దొంగగారూ, టీ అయ్యిందా?"

"ఎక్కడండీ! ఈ ఆఫీసులో జీతం మీద బతికే దొంగను నేనొక్కణ్ణే. టీ కూడా కొనుక్కునే తాగాలి."

నేను అద్దె పని మొదలుపెట్టిన రెండు నెలలకు కోడలి గది మూతపడుతుందని తెలిసింది. రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేశారు, కాగితాల గదికి ఇక మనుషులు అక్కర్లేదు. తాత్కాలిక ఉద్యోగుల్లో ఎనిమిది మందిని ఎంపిక చేసి శిక్షణకు పంపారు. ఆరు వారాలు. చివర ఒక పరీక్ష. నెగ్గినవాళ్లకు నేర స్థలాలకు వెళ్లే బృందంలో శాశ్వత ఉద్యోగం. తప్పినవాళ్లకు నెలాఖరుతో చెల్లు. కోడలు ఆ ఎనిమిది మందిలో ఉంది. ఆమెకు ముప్పై మూడేళ్లు, ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే వయసు దాటిపోయింది. కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి తలుపు.

ఈ సంగతి నేనే మేడమ్‌తో చెప్పాను. దాచిపెట్టిన లోపం తర్వాత బయటపడితే సరుకు మొత్తం వెనక్కి వస్తుందని తెలిసినవాణ్ణి.

"తెలుసు. ఇంటిపేరు చూశాను," అన్నారు ఆవిడ. "మీ కళ్లూ చేతులూ లోపలికి తెచ్చుకోండి. నోరు మాత్రం గేటు దగ్గర పెట్టి రండి."

కోడలి లోపం మొదటి వారమే తెలిసింది. చెయ్యి బరువు. ముద్రను పైకి తేల్చే నల్లపొడిని కుంచె కొసతో అంటీ అంటనట్టు తీసుకోవాలి, కుంచెను రెండు వేళ్ల మధ్య తిప్పుతూ గాలి తగిలినట్టు తగిలించాలి. ఆమె కుంచెను ముంచేది, రుద్దేది. సన్నటి రేఖల మధ్య సందులన్నీ పూడిపోయి ముద్ర నల్లటి మచ్చయ్యేది.

"గోడకు సున్నం కొడుతున్నావా తల్లీ?" అనేవారు మేడమ్. "ముద్ర అక్కడ ముందే ఉంది. నువ్వు పుట్టించక్కర్లేదు, కనిపించనిస్తే చాలు. ముందు ఎక్కడైనా మూలన ఒక చుక్క వేసి చూడు. ఆ వస్తువు పొడికి ఒప్పుకుంటుందో లేదో అదే చెబుతుంది."

ఇంట్లో అభ్యాసం మొదలైంది. వంటింటి స్టీలు గ్లాసులు నల్లబడ్డాయి. ఫ్రిజ్ తలుపు నల్లబడింది. స్నానాల గది బకెట్టు కూడా.

"ఈ ఇంట్లో మంచినీళ్లు తాగాలంటే ముందు సాక్ష్యం చెరిపెయ్యాలా ఏంటి?" అంది నా భార్య.

"అత్తయ్యా, ఆ ఒక్క గ్లాసు కడక్కండి. దాని మీద మావయ్య బొటనవేలు భలే వచ్చింది. చూడండి, అడ్డంగా గాటు."

"ముప్పై ఐదేళ్ల కాపురంలో ఆయన తన గ్లాసు తాను తీసుకున్నది ఇదే మొదటిసారి. రుజువుంది కదా, పటం కట్టించి పెట్టు."

ఆ గాటు చిన్నప్పుడు ఉలి జారితే పడింది. భూతద్దంలో చూస్తే పొలం మధ్యనుంచి వేసిన రోడ్డులా రేఖలన్నిటినీ రెండుగా కోసి ఉంటుంది. కోడలు దాన్ని టేపుతో ఎత్తి తెల్ల కార్డుకు అంటించి, తారీఖు రాసి, సంతకం పెట్టి, మళ్లీ పెదవి విరిచేది. పొడి ఎక్కువైందని. ఐదో వారానికి చెయ్యి కాస్త తేలికైంది. కానీ మేడమ్ చూస్తున్నప్పుడు మళ్లీ బరువెక్కేది. నిలబడ్డ సరుకును చూసినట్టు నేను ఆమెను చూశాను. గాజో, ఇనుమో దొరికితే గట్టెక్కుతుంది. మొండి వస్తువు దొరికితే మునుగుతుంది. ఇది నా అంచనా.

పరీక్షకు ముందురోజు మధ్యాహ్నం చీట్లు తీశారు. ఎవరికి ఏ గదో గోడ మీద అంటించారు. కోడలికి ఐదో గది వచ్చింది. ఏ గదిలో ఏ వస్తువు పెట్టాలో మేడమ్ నాకు వేరే కాగితం ఇచ్చారు, అది శిక్షణవాళ్లకు చూపించకూడదు. నేను చూపించలేదు. ఒకటో గదికి కిటికీ అద్దం, రెండో గదికి బీరువా, మూడుకు ప్లాస్టిక్ డ్రమ్ము, ఇలా సర్దుకుంటూ పోయాను. ఐదుకు వచ్చేసరికి కాగితంలో చెక్కపెట్టె అని ఉంది. ఆ పెట్టె నాకు బాగా తెలుసు. రంగులేదు, నునుపు లేదు, ఎండకు పగిలి నారలు లేచిన మూత. దాని మీద వెయ్యి మంది వేళ్లు పెట్టినా పొడికి ఒక్క రేఖ తేలదు.

ఏడుగురికి మంచి సరుకు దొరికి, ఒక్కరికి మొండి సరుకు దొరికింది. ఆ ఒక్కరు మా ఇంటి మనిషి. తూకం సరిగా లేదనిపించింది. మేడమ్ దగ్గరకు వెళ్లి అడగొచ్చు. కానీ నోరు గేటు దగ్గర పెట్టి వచ్చానాయె. చేతులు లోపలికి తెచ్చుకోమనే అన్నారు, పాలిష్ తగలకూడదన్న షరతును నేనే పక్కన పెట్టేశాను. సామాను మోసే నా ఆటోలో ఎప్పుడూ ఒక వార్నీషు డబ్బా ఉంటుంది. సాయంత్రం ఐదు గంటలకు హాలు ఖాళీ అయింది. పెట్టె మూతకు ఒక పూత, ముందు పలకకు ఒక పూత వేశాను. పది నిమిషాల పని. నా చేతిలో పడ్డ ఏ చెక్కయినా అద్దంలా అయి తీరుతుంది, అదీ అయింది. పూత కాస్త చిక్కబడ్డాక మూత వంకరగా కనిపిస్తే ముందు అంచున బొటనవేలితో నొక్కి సరిచేశాను. ఆరు గంటల్లో ఆరుతుందని డబ్బా మీద రాసి ఉంది. అది ఎండాకాలం లెక్క. రెండు రోజులుగా బయట ముసురు పట్టి ఉంది. వాన చినుకులు వింటూనే డబ్బా మూత బిగించాను, ఆ రెంటినీ కలిపి చూడలేదు. నలభై ఏళ్ల వార్నీషు పనిలో ఇది నేను చేయకూడని తప్పు.

పొద్దున తొమ్మిదికి అటెండరు తన కాగితం పట్టుకుని ఒక్కో గదిలోకీ వెళ్లి వచ్చాడు. ఐదో గదిలోంచి బయటికొచ్చి చెయ్యి ప్యాంటుకు రుద్దుకున్నాడు.

"పెట్టె జిగురుగా ఉందేంటి షావుకారూ?"

"వాన కదా, చెమ్మ పట్టి ఉంటుంది," అన్నాను.

"వానకు నేనూ చెమ్మగానే ఉన్నాను. నాకు జిగురు లేదే!"

"దొంగతనం చేసుకుని పోక, నీకెందుకయ్యా సామాను నాణ్యత?"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఆరని వార్నీషుకు పొడి తగిలితే రేఖకూ ఖాళీకీ తేడా ఉండదు, పూత ఉన్న చోటల్లా నల్లగా పట్టేస్తుంది. పది గంటలకు పరీక్ష. తుడవడానికి వీల్లేదు, మార్చడానికి వీల్లేదు. చెప్పడానికి వీలుంది. నేను చెప్పలేదు. వరండాలో ఐదో గదికి ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.

కోడలు తాడు దాటి లోపలికి వచ్చింది. చేతులకు గ్లౌజులు, తలకు టోపీ. నన్ను చూసింది కానీ చూడనట్టే ఉంది. ముందు గుమ్మం నుంచి గదికి ఫొటో తీసింది, తర్వాత పెట్టెకు నాలుగు వైపుల నుంచీ తీసింది. పక్కన స్కేలు పెట్టి మళ్లీ తీసింది. ప్రతి పనికీ గడియారం చూసి అట్టకు బిగించిన కాగితం మీద టైము రాసుకుంది. తర్వాత పొడి డబ్బా తెరిచింది. కుంచె ముంచింది. అరచేతి మీద తట్టి, ఎక్కువైన పొడి దులిపింది.

ఆమె పెట్టె మూత వెనక మూలకు వంగి, చిటికెన వేలి గోరంత చోట కుంచె తాకించింది. తీసింది. ఆ చోటు బొగ్గులా నల్లబడింది. ఇంకోసారి తాకించలేదు. కుంచె పక్కన పెట్టేసింది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. డబ్బా మూత పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె కదిలిన తీరు నాకు కొత్త. గదిలో లైటు ఆర్పింది. టార్చి తీసుకుని మూత పక్కనే, మూతకు సమానంగా పట్టుకుని వెలుగు అడ్డంగా పడేలా చేసింది. పైనుంచి కొట్టిన వెలుగులో ఏమీ కనిపించనిది, పక్కనుంచి వచ్చిన వెలుగులో నీడలతో లేచింది. ఆరని పూత మైనంలాంటిది కదా. వేలు నొక్కితే నొక్కినట్టే అచ్చు దిగుతుంది. వరండాలోకి అది నాకు కనిపించలేదు, ఆమె ముఖంలో కనిపించింది. కెమెరాను మూడు కాళ్ల స్టాండుకు బిగించి, టార్చి చోటు మార్చి మార్చి తీసింది.

తర్వాత మూత ముందు అంచుకు వచ్చింది. భూతద్దం పెట్టింది. ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిందో నేను లెక్కపెట్టలేదు. పక్క గదుల్లో కుంచెల చప్పుడు, టేపు చింపే చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె భూతద్దం ఎత్తలేదు, తల తిప్పలేదు. ఆ అంచును ఒక్కసారి గ్లౌజు వేలితో తాకితే చాలు, మెత్తటి పూత కలిసిపోయి ఏమీ మిగలదు. దొంగ ముద్రలు అప్పటికే కెమెరాలో ఉన్నాయి. పరీక్షకు కావలసింది దొంగ ముద్రలే. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె స్కేలు తీసి ఆ అంచు పక్కన పెట్టి ఫొటో తీసింది. తర్వాత మేడమ్‌ను పిలిచింది.

"మేడమ్, రెండో మనిషి ముద్ర ఉంది. ఈ గదిలోకి పని మీద వచ్చి వెళ్లినవాళ్ల ముద్రలు తీసుకుని పక్కన పెట్టుకోవాలి."

నేరంతో సంబంధం లేకుండా అక్కడ చేయి పెట్టేవాళ్లుంటారు, ఇంటివాళ్లు, పనివాళ్లు. వాళ్ల ముద్రలు ముందే తీసుకుని లెక్కలోంచి తీసేస్తారు. అది వాళ్ల పద్ధతి.

"ఎవరెవరివి కావాలి?" అన్నారు మేడమ్.

"అటెండరుగారివి మీ దగ్గరున్నాయి. సామాను తెచ్చినవాళ్లవి కావాలి."

మేడమ్ నా వైపు చూశారు. పక్కకు తప్పుకున్నారు.

కోడలు సిరా పలక, కార్డు పట్టుకుని వరండాలోకి వచ్చింది. పెళ్లై వచ్చిన తొమ్మిదేళ్లలో ఆమె నా ఎదురుగా నిలబడి ఏదీ అడగలేదు, అత్తయ్యతో చెప్పించేది.

"మావయ్యా, చెయ్యివ్వండి."

"నీకు తెలుసు కదమ్మా అది నాదేనని," అన్నాను మెల్లగా.

"నాకు తెలుసు అన్నది రిపోర్టులో రాయడానికి పనికిరాదు. కుడిచెయ్యి ముందు."

గోదాములో పనుందని లేచి వెళ్లిపోవచ్చు. ఎవరూ ఆపరు. బలవంతంగా ముద్రలు తీసుకునే హక్కు ఆమెకు లేదు. వెళ్లిపోతే ఆమె కాగితంలో ఆ ముద్ర ఎవరిదో తెలియలేదని ఉంటుంది, నా అద్దె పని నిలబడుతుంది. కానీ ఆమె గురించి మేడమ్ మనసులో ఏముంటుందో చెప్పలేను. చెయ్యి ఇచ్చాను.

నేనే సాయంగా వేలు తిప్పబోయాను.

"మీరు తిప్పకండి మావయ్యా. మీరు తిప్పితే అలుక్కుపోతుంది. వేలు వదిలేయండి, నేను తిప్పుతాను."

వదిలేశాను. గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, పలక మీద ఒకసారి, కార్డు మీద ఒకసారి. పది వేళ్లు. ఆమె చెయ్యి బరువుగా లేదు.

మధ్యాహ్నం మూడింటికి మేడమ్ గదికి మా ఇద్దర్నీ పిలిచారు. రిపోర్టు బల్ల మీద ఉంది. ఆవిడ భూతద్దం పెట్టి ఫొటోనూ నా కార్డునూ పక్కపక్కన చూశారు.

"పెట్టెకు తాజాగా వార్నీషు పూశారు, పూత ఆరకముందే ఇద్దరు ముట్టుకున్నారు అని రాశావు. ముందు అంచు మీది బొటనవేలు సామాను తెచ్చిన వ్యాపారిది, ఆయన నా మామగారు అని కూడా రాశావు. ఆయన పూత వేస్తారని నీకు ముందే తెలుసా?"

"తెలీదు మేడమ్. గాటు చూశాక తెలిసింది."

"చూశాక ఏం చేశావు?"

"ఆగాను. అదీ రాశాను."

మేడమ్ వేలితో ఆ వరుస వెతికి పైకి చదివారు. "పది నలభై నుంచి పది నలభై నాలుగు వరకు ఏ పనీ చేయలేదు." భూతద్దం కింద పెట్టారు. "ముప్పై ఏళ్లలో ఈ వాక్యం ఎవరూ రాయగా చూడలేదు."

నేను అందుకున్నాను. "తప్పు నాది మేడమ్. అమ్మాయికి ఏమీ తెలీదు. అందరికీ మంచి వస్తువులిచ్చి ఆమెకు ఆ మొండి పెట్టె ఇచ్చారు. దాని మీద ముద్ర రాదు. పొడి పట్టేలా నునుపు చేద్దామని..."

"దాని మీద ముద్ర రాదని నాకు తెలీదనుకున్నారా షావుకారుగారూ?"

"మరి ఎందుకు పెట్టారు?"

"రాదని చెప్పగలరా లేదా అని చూడ్డానికి. మూలన ఒక చుక్క వేసి, పట్టదని తెలుసుకుని, పొడి డబ్బా మూసేసి, పెట్టెను కాగితం సంచిలో ప్యాక్ చేసి ల్యాబుకు పంపాలని రాస్తే నూటికి నూరు. అరగంట పని. ఎనిమిది గదుల్లో అన్నిటికంటే తేలిక గది అదే. చీటీలో మీ కోడలికి వచ్చింది. మీరు దాన్ని అన్నిటికంటే కష్టమైన గది చేశారు."

పనికిరాని వస్తువు అని నేను లెక్కవేసినదాన్నే ఆవిడ ఏరి కొనుక్కున్నారని మొదటి రోజే చూశాను. చూసి కూడా, ఆవిడకు సరుకు తెలీదనుకున్నాను.

"మేడమ్, నాది తప్పిందా?" అని అడిగింది కోడలు.

"ఆ పెట్టె మీద నేను పెట్టిన ప్రశ్నకు నీ జవాబు లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నే మిగల్లేదు. కాబట్టి మళ్లీ పరీక్ష. ఇప్పుడే, వెనక కొట్టుగదిలో ఇంకో గరుకు పలక ఉంది. షావుకారుగారు ఇక్కడే, నా ఎదురుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు."

ముప్పావుగంట కూర్చున్నాను. సిరా మరకలు సబ్బుకు పోలేదు. మేడమ్ తన కాగితాలు చూసుకున్నారు, నాకు టీ తెప్పించారు. కోడలు తిరిగి వచ్చి కాగితం ఇచ్చింది. మేడమ్ చదివి, కింద సంతకం పెట్టి ఫైల్లో వేశారు. నా వైపు తిరిగారు.

"ఆదివారం లోపు మీ సామాను తీసుకెళ్లండి. ఆ పెట్టె తప్ప. అది నాకు కావాలి. ఆరని పూత మీద ముద్ర ఎలా దిగుతుందో చూపించడానికి ఇంత మంచి నమూనా నేను తయారు చేయించలేను."

"నా బొటనవేలితో సహానా?"

"అదే కదా నమూనా."

ఆ రోజు ఇంట్లో భోజనాల దగ్గర నా భార్యకు సంగతంతా కోడలే చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా, రిపోర్టు చదివినట్టు. నా భార్య విన్నంతసేపూ విని, "ఈయన పెళ్లిచూపులకు మా ఇంటికొచ్చిన రోజున కూడా మా నాన్న కుర్చీకి కాలు ఊగుతోందని మేకు కొట్టాడు. అది కాస్తా విరిగిపోయింది," అంది.

కోడలు నవ్వలేదు. "మావయ్యా, మీరు నాకు ఇంకెప్పుడూ సాయం చెయ్యకండి," అంది. కోపం లేదు ఆ మాటలో. షరతు చెప్పినట్టు చెప్పింది.

"సరే," అన్నాను.

ఇది జరిగి ఏడాదైంది. లెక్క చూసుకుంటే ఇలా తేలుతుంది. అద్దె పని పోయింది. సామాను మూడు విడతల్లో వెనక్కి వచ్చి, మళ్లీ కదలకుండా పడి ఉంది. దాన్ని ఏరుకునే మరో కొనుగోలుదారు నాకు దొరకలేదు. ఒక పెట్టె తిరిగి రాలేదు. కోడలికి ఉద్యోగం వచ్చింది. దాన్ని నా రాబడిలో రాసుకోవాలని మొదట్లో చూశాను, కుదరలేదు. నేను వేలు పెట్టకపోయినా అది వచ్చేదే, అరగంటలో వచ్చేది. నేను పెట్టిన వేలు ఆమె దారిలో అడ్డమే అయింది. కాబట్టి అది ఆమె ఖాతాలోదే.

నాకు వచ్చింది ఒకటుంది. పోయిన నెల ఒక లాడ్జి మూసేస్తూ ఇరవై రెండు బీరువాలు ఒకే మొత్తంగా ఇస్తామన్నారు. మంచి రంగు, మంచి తాళాలు, నాకు నచ్చాయి. కోడలు డ్యూటీ దిగి ఇంటికి పోతూ అటుగా వచ్చింది. అడక్కుండానే టార్చి తీసి ఒక బీరువా పక్కన, ఇనప రేకుకు సమానంగా పట్టింది. మోకాలి ఎత్తున రంగు కింద అడ్డంగా గీత లేచింది. నీళ్లలో మునిగి తేలిన సామాను, పైన రంగు కొట్టారు. ఇంకో రెండిటికి పట్టి చూసింది, అదే గీత.

"వద్దు మావయ్యా," అంది.

కొనలేదు.